నేరం చెయ్యనివాడికి ప్లీడరెందుకు?

మొన్నటి కమిటీ సమావేశంలో ఉగాది భోజనాల లెక్క గంటన్నర సాగింది. ఆఖర్న ఒకరు లేచి, మనవాడొకడు పోలీసుల అదుపులో వున్నాడట, సంఘం ఏమైనా చెయ్యగలదా అని అడిగారు. జవాబుకి అర నిమిషం పట్టలేదు. "నేరం చెయ్యకపోతే వదిలేస్తారు, చేసివుంటే మనకెందుకండీ!" చాలా తలలు ఊగాయి. నేనూ నోరు మెదపలేదు. అందుకే యీ రాత.

చేశాడో లేదో తేల్చటానికే గదా విచారణ! నిజంగా చేసినవాడికైనా, చేసినదానికి తగినంతే శిక్ష పడాలంటే తన పక్షాన మాట్లాడే మనిషి కావాలి. ఇక్కడ కోర్టు భాష అరబ్బీ. మన కుర్రాడికొచ్చింది తెలుగూ, వచ్చీరాని హిందీ. దుబాసీ ఎలా చెబితే అదే వాడి వాంగ్మూలం. రిఫైనరీలో ఒక వాల్వు మార్చాలంటే మూడు సంతకాలడిగే మనం, మనిషి జైలుకి పోయేచోట మాత్రం అంతా సవ్యంగానే జరుగుతుందని నమ్మేస్తాం.

నేరం రుజువయ్యేదాకా ముద్దాయి నిర్దోషి అని ఒమాన్ 2021 మూలశాసనమే చెబుతోంది. స్తోమత లేనివాడికి న్యాయం అందే ఏర్పాటుండాలనీ చెబుతోంది. మన దేశంలో 1976లోనే ఉచిత న్యాయసహాయం రాజ్యాంగంలోకెక్కింది. 1987 చట్టం ప్రకారం నిర్బంధంలో వున్నవాడికి ఆదాయంతో పనిలేకుండా ప్లీడరునివ్వాలి.

ఇంజనీర్లు వినదగ్గ కేసొకటి. అరుణాచల్‌లో సుక్ దాస్ అనే ఉద్యోగి, మరికొందరితో కలిసి, బదిలీ రద్దు చెయ్యమని ఒక అసిస్టెంటు ఇంజనీరుని బెదిరించాడని అభియోగం. ప్లీడరు లేకుండానే విచారణ, రెండేళ్ళ శిక్ష. ప్లీడరు కావాలని అతనడగలేదుగా అంది హైకోర్టు. అడగాలని తెలియనివాడు ఎలా అడుగుతాడంటూ 1986లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది.

పరదేశంలో ఆ అడగటం మరీ కష్టం. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం, అరెస్టయినవాడు కోరితేనే ఎంబసీకి కబురు వెళుతుంది. ఎంబసీలో 2009 నించీ సంక్షేమనిధి వుంది. పాస్‌పోర్టు పనులకి మనం కట్టే రుసుముల్లోంచి పోగయిన డబ్బే అది. అర్హులైన పేదలకి అందులోంచి న్యాయసహాయం దొరుకుతుంది. కాని మస్కట్ ఇక్కడికి 500 కిలోమీటర్ల పైమాట. ఎవరో ఒకరు దరఖాస్తు రాయాలి.

ఆలస్యం ఖరీదెంతో సిరిసిల్ల వాళ్ళనడగండి. 2005లో దుబాయిలో ఒక నేపాలీ వాచ్‌మన్ హత్యకేసులో అయిదుగురికి శిక్ష పడింది. కె.టి. రామారావు గారు నేపాల్ వెళ్ళి మృతుడి కుటుంబానికి 15 లక్షల రూపాయలిచ్చినా, వాళ్ళంతా ఇల్లు చేరేసరికి 2024 అయింది. తీర్పయ్యాక పరిగెత్తటం అలావుంటుంది. పరుగేదో మొదటి రాత్రే పెట్టాలి.

నేను చందాలడగటం లేదు. అనుమతి లేకుండా చందాలు పోగుచేస్తే ఇక్కడ అదే నేరం! అడిగేది మనుషుల్ని. అరబ్బీ చదవగలవారొకరు, కారు తియ్యగలవారిద్దరు, ఎంబసీ కాగితాలు నింపేవారొకరు, ఊళ్ళో వాడి తల్లికి ఫోన్‌లో నిదానంగా విషయం చెప్పగలిగే ఆడపడుచొకరు. వచ్చే శుక్రవారం తీర్మానం పెడుతున్నాను. భోజనాల లెక్కకంటే ముందు.