అట్ట చాటు పోతే మా ఓటు పోయినట్టే



పోలింగ్ రోజు మా నాయనమ్మ ఓటేసి బయటికొస్తుంటే, చెట్టు కింద కూసున్న ఒక పార్టీ ఆయన "ఎవరికేసినవ్ అవ్వా?" అని అడిగిండు. "నీకే వేసిన కొడుకా" అన్నది. పది అడుగులు దాటంగనే ఇంకో పార్టీ ఆయన అడిగిండు. ఆయనకూ అదే జవాబు. ఇంటికొచ్చినంక నేనడిగితే నవ్వి "నీకెందుకురా?" అన్నది.

మనకు కూలి ఇచ్చేది వాళ్లే, అప్పిచ్చేది వాళ్లే, ఆపదొస్తే బండి పెట్టేది వాళ్లే. అట్లాంటోళ్ల ముందట మా నాయనమ్మ భయపడకుండ నిలబడే జాగా ఒక్కటే. పోలింగ్ బూత్‌ల బల్ల మీద మూడు దిక్కులు మూసిన ఆ అట్ట చాటు. ఇప్పుడు ఆ చాటుకే ఎసరు వస్తున్నది.

2020 జనవరి 22న మున్సిపల్ ఎన్నికలప్పుడు కొంపల్లిలో 10 పోలింగ్ కేంద్రాల్లో మొహం గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌ను ప్రయోగించిన్రు. 2021 అక్టోబర్ 20న ఖమ్మంలో మన రాష్ట్ర ఎన్నికల సంఘం ఫోన్‌తో ఓటు వేసే యాప్‌ను పరీక్షించింది. అది ఉత్తుత్తి ఎన్నికే, ఎవరూ గెలవలేదు, ఓడలేదు. కానీ 2025 జూన్ 28న బీహార్‌ల నిజం మున్సిపల్ ఎన్నికల్లనే ఫోన్ ఓటు వేయించిన్రు. మన పల్లెల్లో సర్పంచ్ ఓటు ఇంకా బ్యాలెట్ కాగితం మీదనే పడుతున్నది. ఎప్పటిదాకా?

"ముసలోళ్లకు, వికలాంగులకు సులువైతది కదా" అంటరు. వాళ్ల కష్టం నిజమే, కాదనను. కానీ దానికి దారి ఇప్పటికే ఉన్నది. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో 80 ఏండ్లు దాటినోళ్లకు, 40 శాతం పైన వైకల్యం ఉన్నోళ్లకు అధికారులే ఇంటికొచ్చి ఓటు వేయించిన్రు. అధికారి ఇంటికి రాగల్గినప్పుడు, నల్లమల పెంటకు బూత్ ఎందుకు రాదు? ఓటరు 2 కిలోమీటర్లకు మించి నడవకూడదన్న లెక్క ఎన్నికల సంఘందే. ఆ లెక్క అడవిల కూడా పాటించుమని అడుగుతున్నం.

ఫోన్ ఓటు మా దిక్కు వస్తే ఏమైతదో చూడండి. పెంటల అందరికీ ఫోన్ లేదు, ఫోన్ ఉన్నచోట సిగ్నల్ లేదు. ఫోన్, సిగ్నల్ రెండూ ఉన్నది ఎవరి ఇంట్ల? అప్పిచ్చినాయన ఇంట్ల. "రా అవ్వా, ఈడ ఒత్తు" అంటడు. ఒత్తేదాక పక్కనే నిలబడతడు. అప్పుడు "నీకే వేసిన కొడుకా" అన్న మాట నిజమైపోతది. ఓటరు ఎవరికి ఓటేసిందో చెప్పాల్సిన పని లేదని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ చెప్తది. పక్కనోడు కండ్లార చూస్తుంటే ఆ సెక్షన్ ఎవరిని కాపాడుతది?

ఇంకోటి. రేషన్ కాడ మా నాయనమ్మ వేలిముద్ర పడక ఎన్నిసార్లు ఉత్త సంచితోని వాపస్ వచ్చిందో నాకెరుక. గడ్డలు తవ్వి తవ్వి వేళ్ల గీతలు అరిగిపోయినయి. బియ్యం రేపైనా తెచ్చుకోవచ్చు. పోలింగ్ రోజు మొహమో వేలో కలవలేదంటే ఓటుకు రేపు లేదు.

ఎస్టోనియా 2005 నుంచి ఇంటర్నెట్‌ల ఓటు వేయిస్తున్నది. అక్కడ బలవంతంగ వేయించిన ఓటును మళ్ల వేసి మార్చుకోవచ్చు, బూత్‌కు పోయి కాగితం మీద వేస్తే ఇంటర్నెట్ ఓటు రద్దయితది. జర్మనీల 2009ల రాజ్యాంగ న్యాయస్థానం ఓటింగ్ కంప్యూటర్లను తప్పుబట్టింది. ఓటు లెక్క సరిగ జరిగిందా లేదా అన్నది సాంకేతిక చదువు లేని మనిషి కూడా చూసి తెలుసుకోగలగాలె అన్నది. ఆ మాట మా పెంటకు ఇంకా ఎక్కువ వర్తిస్తది.

1951-52ల మొదటి ఎన్నికలకు ఈ దేశం అక్షరం రానోళ్ల కోసం గుర్తులు పెట్టింది, ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా పెట్టింది. అందరికంటే వెనకున్న మనిషిని ముందు పెట్టుకొని ఆలోచించింది. ఇప్పుడు ఫోన్ ఉన్నోడిని ముందు పెట్టుకొని ఆలోచిస్తున్నరు.

1950 షెడ్యూల్డ్ ప్రాంతాల ఉత్తర్వు తీసి చూడండి. అచ్చంపేట తాలూకా జాబితాల మొదటి పేరే మా బల్మూర్. కొండనాగుల, బాణాల కూడా ఉన్నయి. 1996 పెసా చట్టం ఈ ఊర్లకే గ్రామసభ బలం ఇచ్చింది. గ్రామసభల మేము చెయ్యెత్తి అందరి ముందట మాట్లాడుతం. ఎవరిని గెలిపించాల్నో మాత్రం చాటునే చెప్తం. రెండూ మా హక్కులే. మా గ్రామసభను అడగకుండ ఏ కొత్త ఓటు పద్ధతీ మా ఊర్లకు తేవొద్దు. మిషన్ గుర్తుపట్టలేదని ఒక్క ఓటరునూ వాపస్ పంపొద్దు. బూత్ పెంటకు రావాలె.

చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు, మీకో మాట. అప్పిచ్చినాయన ఒక్కడే కాదు, రేపు ఆ ఫోన్ పట్టుకునేది మనమే కావచ్చు. "నీకేం తెల్వదు, నేను ఒత్తుత తే" అని మన నాయనమ్మ ఓటు మనమే వేసేయొచ్చు. ప్రేమతోనే చేస్తం. అయినా అది దొంగతనమే. ఇప్పటి నుంచే ఓటరు లిస్టుల పెద్దోళ్ల పేర్లు చూడండి, లేకుంటే రాయించండి, బూత్ దాక తోలుకపోండి. అట్ట చాటు కాడ ఆగిపోండి.

"నీకెందుకురా?" అన్న మా నాయనమ్మ మాటల ఉన్నది మన స్వరాజ్యం.

మా ఊళ్లో మా రాజ్యం. జై ఆదివాసీ!