రొట్టె దగ్గర తగాదా, ఆడవాళ్ళ దగ్గర రాజీ

డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పినన్నాళ్ళూ ఒక ప్రశ్న ఏదో ఒక రూపంలో పరీక్ష పేపర్లో వస్తూనే ఉండేది. ‘లూథర్, జ్వింగ్లీ, కాల్విన్‌ల సిద్ధాంతాలను పోల్చి, వారి ప్రభావాన్ని అంచనా వేయండి.’ జవాబు నాకూ పిల్లలకూ కంఠోపాఠం. ప్రభువు భోజనంలో క్రీస్తు శరీరం నిజంగానే ఉంటుందని లూథర్, అది జ్ఞాపకం చేసుకోవడమేనని జ్వింగ్లీ, విశ్వాసి ఆత్మ ద్వారా క్రీస్తును అందుకుంటాడని కాల్విన్. ఆ తర్వాత దైవనిర్ణయవాదం మీద ఒక పేరా, ప్రభావం మీద ఇంకో పేరా. ఒక ఏడాది ఒకమ్మాయి ఇదంతా రాసి, కింద నాలుగు వాక్యాలు అదనంగా రాసింది. ఈ ముగ్గురూ ఆడవాళ్ళ గురించి ఏమనుకున్నారో మన పుస్తకంలో ఎందుకు లేదు, వాళ్ళు కూడా విశ్వాసులే కదా అని. సిలబస్‌లో లేదని నేను ఆ వాక్యాలకు మార్కులు వేయలేదు. ఆ సిగ్గు నన్నింకా వదల్లేదు.

సిగ్గుపడడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. మా అమ్మమ్మ లూథరన్ మిషన్‌లో బైబిల్ ఉమన్. 1842లో హయ్యర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషన్ అది. మగ బోధకులు గడప దాటలేని ఇళ్ళలోకి అమ్మమ్మ చంకలో బైబిలు పెట్టుకుని వెళ్ళేది. చదివి వినిపించేది, అర్థం చెప్పేది, అక్షరాలు దిద్దించేది. ఆదివారం చర్చిలో మాత్రం ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చుని వినేది. పల్పిట్ ఎన్నడూ ఎక్కలేదు. ఎందుకమ్మమ్మా అంటే, “పౌలు గారు వద్దన్నారంటలేమ్మా” అనేది.

ఆ మాట మా ఊరి చర్చికి ఎక్కడినుంచి వచ్చింది? పౌలు పత్రికలోంచే. కానీ పోపు మాటనీ, మఠాలనీ, వెయ్యేళ్ళ ఆచారాలనీ తోసిపుచ్చిన సంస్కర్తలు ఆ ఒక్క మాటనీ ఎందుకు భద్రంగా ఉంచుకున్నారన్నదే నా ప్రశ్న.

1529లో మార్బర్గ్ కోటలో లూథర్, జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చుని వాదించుకున్నారు. 15 అంశాల్లో 14 మీద అంగీకారం కుదిరింది. రొట్టె, ద్రాక్షారసాల దగ్గర మాత్రం కుదరలేదు. పుస్తకాలన్నీ ఆ కుదరని అంశాన్నే పట్టుకుని పేజీలకు పేజీలు రాశాయి. ప్రొటెస్టెంట్ ప్రపంచం లూథరన్, రిఫార్మ్‌డ్ శాఖలుగా చీలడానికి అది ప్రధాన కారణం కాబట్టి రాయాల్సిందే. కానీ మనుషులు దేనిమీద పోట్లాడుకున్నారన్నది ఎంత ముఖ్యమో, అసలు పోట్లాడుకోవలసిన అవసరమే లేదని దేన్ని అనుకున్నారన్నదీ అంత ముఖ్యం. స్త్రీ స్థానం ఆ రెండో కోవలోది.

బాప్తిస్మం పొందిన ప్రతివారూ యాజకులేనని లూథర్ 1520లో రాశాడు. తక్కిన ఇద్దరూ ఆ సూత్రాన్ని తమ తమ పద్ధతుల్లో అంగీకరించినవాళ్ళే. సూత్రాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే మా అమ్మమ్మ కూడా యాజకురాలే. కానీ ఆ మరుసటి ఏడాదే లూథర్ షరతు పెట్టాడు. మగవాడు లేనిచోట స్త్రీ బోధించవచ్చు గానీ, ఉన్నచోట క్రమం కోసం ఊరుకోవాలన్నాడు. జ్వింగ్లీ 1525లో జ్యూరిక్‌లో లేఖనాల సామూహిక అధ్యయనం మొదలుపెట్టాడు. దానికి ఆధారం కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయం, అంటే ఒకరి తర్వాత ఒకరు ప్రవచించమని చెప్పే అధ్యాయం. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్న మాట ఉన్నదీ ఆ అధ్యాయంలోనే. మాట్లాడే హక్కు మగవాళ్ళకి, మౌనం ఆడవాళ్ళకి! కాల్విన్ మరీ చిత్రం. స్త్రీల మౌనం రక్షణకు సంబంధించిన విషయం కాదనీ, మార్పుకు వీలున్న సంఘ మర్యాదల్లో ఒకటనీ గుర్తించాడు. గుర్తించి కూడా జెనీవాలో మార్చలేదు.

‘ఆ కాలం అలాంటిది, ఇరవయ్యొకటో శతాబ్దపు కొలబద్దతో వాళ్ళను కొలవకూడదు’ అనే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. సరే, ఆ కాలపు ఆడవాళ్ళ కొలబద్దతోనే కొలుద్దాం.

1523లో లూథర్ భావాలు నమ్మినందుకు ఒక కుర్రవాడి చేత ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయం బలవంతంగా తప్పు ఒప్పించింది. నోరెత్తిన మగవాడు లేకపోతే బవేరియాలో అర్గులా ఫాన్ గ్రుంబాఖ్ ఆ పండితులకు బహిరంగ లేఖ రాసింది. తనకు లాటిన్ రాదనీ, జర్మన్‌లో చర్చకు సిద్ధమనీ సవాలు విసిరింది. ఆ లేఖ మళ్ళీ మళ్ళీ అచ్చయింది. విశ్వవిద్యాలయం జవాబివ్వలేదు. ఆమె భర్త ఉద్యోగం ఊడింది. రాట్నం వడుక్కోమని ఆమెను వెక్కిరిస్తూ పద్యం వచ్చింది. ఆమె పద్యంలోనే బదులిచ్చింది.

స్ట్రాస్‌బర్గ్‌లో కతరీనా ష్యూట్స్ జెల్ పాస్టరును పెళ్ళాడింది. 1524లో ఆ పెళ్ళినీ భర్తనూ సమర్థిస్తూ తన పేరుతోనే పుస్తకం అచ్చువేయించింది. శరణార్థులకు ఇల్లు తెరిచింది. 1548లో భర్త సమాధి దగ్గర జనంతో మాట్లాడింది.

మారీ దాంతియేర్ కథ మరీ బాధిస్తుంది. మఠం వదిలి వచ్చిన ఈ స్త్రీ 1539లో నవార్ రాణి మార్గరీత్‌కు లేఖ రాసి జెనీవాలో అచ్చువేయించింది. నగరం వెళ్ళగొట్టిన కాల్విన్, ఫారెల్‌ల పక్షాన రాసిన లేఖ అది. అందులోనే స్త్రీల మాటకు హక్కు అడిగింది. నగరపాలకులు ప్రతులు స్వాధీనం చేసుకుని, అచ్చువేసినవాణ్ణి ఖైదు చేశారు. కాల్విన్ 1541లో గెలిచి తిరిగొచ్చాడు. 1546లో ఫారెల్‌కు రాసిన ఉత్తరంలో ఈమె బోధకుల పొడుగు అంగీల మీద వీధుల్లో మాట్లాడుతోందని ఎగతాళి చేశాడు. తనకోసం మాట్లాడినప్పుడు పనికొచ్చిన నోరు, తమను ప్రశ్నిస్తే నవ్వులాటయింది. ఉద్యమాల్లో పనిచేసిన మనకు ఈ అనుభవం కొత్తా? జెనీవాలోని సంస్కర్తల స్మారక గోడ దగ్గర ఆమె పేరు చెక్కింది 2002లో.

కాబట్టి ‘కాలం అలాంటిది’ అనేది చెల్లదు. ఆ కాలంలోనే, ఆ బైబిలుతోనే వేరే విధంగా వాదించినవాళ్ళున్నారు. సంస్కర్తలకు ఆ వాదన తెలుసు, వినలేదు, అంతే.

ఉద్యమం స్త్రీలకేమీ ఇవ్వలేదనడం లేదు. ఆడపిల్లలకు బడులు పెట్టమని లూథర్ అడిగాడు. జ్యూరిక్ వివాహ న్యాయస్థానం, జెనీవా సభ విడాకులకు పరిమితంగానైనా దారి తెరిచాయి. కానీ న్యాయం చెప్పేది మగవాళ్ళే. భర్త కొడుతున్నాడని మొరపెట్టుకున్న ఒక స్త్రీకి, ప్రాణాపాయం ఉంటే తప్ప ఇల్లు విడవకూడదనే కాల్విన్ సలహా ఇచ్చాడు.

మనవాళ్ళు కొందరు దీనికి విరుగుడుగా మఠాలను స్త్రీల స్వేచ్ఛాసీమలుగా చిత్రిస్తారు. అదీ నాకు మింగుడుపడదు. న్యూరెంబర్గ్‌లో కారితాస్ పిర్క్‌హైమర్ తన మఠాన్ని మూయనివ్వకుండా నిలబడిన మాట నిజం. 1525లో ముగ్గురు యువసన్యాసినులను తల్లులే ఏడుస్తున్నా వినకుండా లాక్కుపోయారు. కానీ రెండేళ్ళ ముందు అలాంటి మఠం నుంచే కతరీనా ఫాన్ బోరా పారిపోయి వచ్చింది. జెనీవాలో దాంతియేర్ సన్యాసినుల దగ్గరికెళ్ళి మఠం వదలమని బోధించింది. ఆ సంగతిని కోపంగా రాసిపెట్టింది కూడా ఒక సన్యాసినే, ఝాన్ ద జుస్సీ. ఉండాలన్నవాళ్ళున్నారు, వెళ్ళాలన్నవాళ్ళున్నారు. ఎవరికి ఏది కావాలో వాళ్ళనే తేల్చుకోనిచ్చారా అని అడగాలి. లేదు. ఒకప్పుడు తండ్రులు మఠంలో వేశారు, తర్వాత నగరసభలు మఠాలు మూశాయి.

బోరా 1525లో లూథర్‌ని పెళ్ళాడింది. బీరు కాచింది, పొలం చేయించింది, ఇంటినిండా విద్యార్థులను పోషించింది. లూథర్ ఆమెను నమ్మాడు. సంరక్షకుడు అక్కర్లేదని వీలునామా రాసి ఆస్తి ఆమెకే ఇచ్చాడు. 1546లో ఆయన పోయాక సాక్సనీ చట్టం ఆ వీలునామాను ఒప్పుకోలేదు, సంరక్షకులను పెట్టింది. ఒక మగవాడి మంచితనం భార్యకిచ్చే భద్రత అంతవరకే. సిద్ధాంతంలోనే చోటు ఇచ్చి ఉంటే అది వేరు.

ఇప్పుడు ఆ పరీక్ష ప్రశ్నకు నా జవాబు ఇది. ఈ ముగ్గురి సిద్ధాంతాల మధ్య తేడా పెద్దదే. ఆడవాళ్ళ విషయంలో మాత్రం ఆ తేడా కరిగిపోయింది. వాళ్ళ ప్రభావం విట్టెన్‌బర్గ్, జ్యూరిక్, జెనీవాలతో ఆగలేదు. గుంటూరు జిల్లాలో చాప మీద కూర్చున్న అమ్మమ్మ దాకా వచ్చింది. ఆమె చేతికి బైబిలూ ఇచ్చింది, నోటికి మౌనాన్నీ ఇచ్చింది. రెండూ రాయని జవాబు సగం జవాబే.

ఆ అమ్మాయి నాలుగు వాక్యాల్లో అడిగింది ఇదే. ఆ పేపరు ఇప్పుడు నా దగ్గర లేదు. పాఠం చెబుతున్న మీ దగ్గరికి అలాంటి పేపరు వస్తే, సిలబస్ చూడకండి. మార్కులు వేయండి.