తీరం చేజారితే నది దక్కదు

నగరంలో నదిని కాపాడాలి అనగానే ప్రభుత్వాలు నీటి గురించే ఆలోచిస్తాయి. మురుగుశుద్ధి కేంద్రాలు, పూడికతీత, రిటైనింగ్ గోడలు ఆ జాబితాలో ముందుంటాయి. ఇవన్నీ కావలసినవే. కానీ ఒడ్డున ఉన్న నేల ఎవరి చేతిలో ఉంది, దాన్ని ఎంత ముందుగా కాపాడుకున్నారు అన్నదాన్ని బట్టే నది భవిష్యత్తు చాలావరకు తేలిపోతుంది. అమెరికాలో ల్యాండ్ ట్రస్టులు, అంటే నేలను కాపాడటానికి పనిచేసే లాభాపేక్షలేని సంస్థలు, పట్టించుకున్నది ఈ నేల సంగతినే. లాస్ ఏంజెలిస్ నది చరిత్ర అందుకు మంచి పాఠం.

సుమారు 82 కిలోమీటర్ల ఈ నది ఒడ్డున పార్కులు పెట్టాలని, వరద వచ్చినప్పుడు నీరు పరుచుకోవడానికి చోటు ఉంచాలని 1930లోనే ఓమ్‌స్టెడ్, బార్తొలొమ్యూ సంస్థల నిపుణులు నివేదిక ఇచ్చారు. దాన్ని అటకెక్కించారు. 1938 మార్చిలో వచ్చిన వరద ఊళ్లను ముంచెత్తి భారీగా ప్రాణాలు తీసింది. ఆ తర్వాత సైనిక ఇంజినీర్లు నదిలో చాలా భాగాన్ని కాంక్రీటు కాలువగా మార్చేశారు. వరద భయం తగ్గింది, నది మాత్రం జనం కంటికి దూరమైంది. ఒడ్డుల్ని రైల్వే యార్డులు, గోదాములు ఆక్రమించాయి. 1986లో కవి లూయిస్ మెకాడమ్స్ మిత్రులతో కలిసి ‘ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎల్.ఎ. రివర్’ను స్థాపించేదాకా దాన్ని నదిగా గుర్తించినవారే తక్కువ.

చైనాటౌన్ పక్కన, నదికి దగ్గర్లో కార్న్‌ఫీల్డ్ అనే పాత రైల్వే యార్డు ఉండేది. దాని విస్తీర్ణం 32 ఎకరాలు. 2000 ప్రాంతంలో ఒక రియల్ ఎస్టేట్ సంస్థ అక్కడ గోదాములు కట్టబోయింది. ఆడుకోవడానికి మైదానమే లేని ఆ పేటల ప్రజలు సంఘాలుగా ఏర్పడి కోర్టుకెక్కారు. పోరాటం రాజీకి వచ్చినప్పుడు ‘ట్రస్ట్ ఫర్ పబ్లిక్ ల్యాండ్’ ముందుకొచ్చింది. 1972లో పుట్టిన ఈ సంస్థ యజమానితో బేరం కుదిర్చింది, ప్రభుత్వ నిధులు సమకూరేదాకా గడువు సంపాదించింది. 2001లో ఆ నేల రాష్ట్ర పార్కుల శాఖకు చేరింది. పూర్తిస్థాయి పార్కు తెరుచుకున్నది మాత్రం 2017లో. కట్టడానికి పదహారేళ్లు పట్టినా, నేల ముందే దక్కింది కాబట్టే ఈ రోజు అక్కడ పార్కు ఉంది.

ట్రస్టు బలం ఇక్కడే కనిపిస్తుంది. ప్రభుత్వ ఫైలు కదలాలంటే ఏళ్లు పడుతుంది, అమ్మేవాడు అన్నేళ్లు ఆగడు. ఆ ఖాళీని ట్రస్టు పూరిస్తుంది. చందాలు, విరాళాలు, అప్పులతో నేల కొనడమో, కొనే హక్కు రాయించుకోవడమో చేసి, తర్వాత ప్రభుత్వానికి అప్పగిస్తుంది. ఇది ఒక దారి. రెండో దారిలో నేల కొనాల్సిన పనే లేదు. తన నేలలో నిర్మాణాలు చేసే హక్కును మాత్రం యజమాని శాశ్వతంగా వదులుకుంటాడు. ట్రస్టు దానికి డబ్బిస్తుంది, లేదా యజమాని ఆ హక్కును దానమిచ్చి పన్ను రాయితీ పొందుతాడు. పట్టా అతనిదే, సాగు అతనిదే. రేపు ఎవరు కొన్నా ఆ షరతు నేలతోపాటే నడుస్తుంది. ప్రభుత్వం మారితే ఆంక్షలు మారవచ్చు, రిజిస్టరైన ఒప్పందాన్ని తుడిచేయడం అంత తేలిక కాదు.

అయితే ట్రస్టు అన్నింటికీ మందు కాదు. నేల ముందే దక్కనిచోట ఖర్చు పెరుగుతుంది. ఇదే నది ఒడ్డున టేలర్ యార్డు అనే పాత రైల్వే యార్డులో 42 ఎకరాల కోసం 2017లో నగరం దాదాపు 6 కోట్ల డాలర్లు చెల్లించింది. రైల్వే కాలుష్యంతో నిండిన ఆ మట్టిని శుభ్రం చేసే ఖర్చు దానికి అదనం. ఆలస్యం ధర అలాగే ఉంటుంది. మరోవైపు, పార్కులు వచ్చే కొద్దీ చుట్టుపక్కల అద్దెలు పెరుగుతున్నాయని, పాత నివాసులు వెళ్లిపోవలసి వస్తోందని అక్కడి ప్రజలు ఆందోళన చెందుతున్నారు. పచ్చదనంతోపాటు పేదల ఇళ్లకూ రక్షణ లేకపోతే ఆ మేలు దక్కేది కొత్తగా వచ్చినవారికే.

హైదరాబాద్‌కు ఈ చర్చ పరాయిది కాదు. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సూచనలతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడటానికి 1996లో జీవో 111 తెచ్చారు. 84 గ్రామాల్లో, సుమారు 1.32 లక్షల ఎకరాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టారు. నగరానికి నీటి భద్రత దక్కింది, భారం మాత్రం అక్కడి రైతుల నెత్తిన పడింది. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తమ నేలకు ధర ఎందుకు రాకూడదని వారు అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. ప్రభుత్వం 2022లో జీవో 69తో ఆ ఆంక్షలనే ఎత్తేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ధర అడిగినవారికి రక్షణ రద్దును జవాబుగా ఇచ్చింది. నిర్మాణ హక్కును రైతు నుంచి సరైన ధరకు కొని ఉంటే జలాశయాలకు రక్షణా మిగిలేది, రైతూ నష్టపోయేవాడు కాదు.

ఇందుకు మన చట్టంలో దారి లేదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ఒకరి నేలపై మరొకరికి అలాంటి హక్కు (ఈజ్‌మెంట్) ఉండాలంటే, దానివల్ల ప్రయోజనం పొందే మరో నేల చేతిలో ఉండాలి. భూమి లేని ట్రస్టుకు అది దక్కదు. అయినా మరో దారి ఉంది. రోడ్ల విస్తరణలో స్థలం కోల్పోయినవారికి బదిలీ చేసుకోదగిన అభివృద్ధి హక్కులు ఇవ్వడం హైదరాబాద్‌కు తెలిసిన పనే. అదే సూత్రాన్ని నదీతీరానికీ వర్తింపజేసే చట్టం తేవడం రాష్ట్రానికి అసాధ్యం కాదు. ఆ హక్కులను ధర్మకర్తగా కాపాడే సంస్థ, దాని లెక్కలు బయటపెట్టే నియమం, గ్రామసభల్లో చర్చ ఇందుకు తప్పనిసరి.

నగరం నడిబొడ్డున ఆలస్యమైతే ఏమవుతుందో 2024లో చూశాం. మూసీ ఒడ్డున ఇళ్ల తొలగింపు మొదలవగానే పేదలు రోడ్డెక్కారు. ఎగువన ఇంకా సాగుభూములు మిగిలి ఉన్నాయి. వాటి నిర్మాణ హక్కులకు ధర కట్టే చట్టాన్ని తెలంగాణ శాసనసభ ఇప్పుడే చేపట్టాలి. ఆ పొలాల్లో కాంక్రీటు లేచాక ఎన్ని వేల కోట్లు గుమ్మరించినా ఆ నేల తిరిగి రాదు.