పెదాలు కదిపితే చాలా?

కార్తీక సోమవారం వచ్చిందంటే మా ముక్త్యాల ఆడవాళ్ళందరం ముక్తేశ్వరస్వామి గుడి దగ్గరే ఉంటాం. హారతి వేళ అందరూ పాట అందుకుంటారు. నేను మాత్రం పళ్ళెం పట్టుకుని నిలబడే రకం. ఎందుకంటారా? ఆరో క్లాసులో పంద్రాగస్టు పాట నేర్పిస్తూ మా టీచరుగారు, "నీ గొంతు కలవడం లేదమ్మా, ఊరికే పెదాలు కదుపు చాలు" అన్నారు. పాపం, ఆవిడ కంగారు ఆవిడది. కానీ ఆ రోజు మూసుకున్న నోరు ముప్పై ఏళ్ళు తెరుచుకోలేదు. నా పిల్లలకి జోల కూడా మా అత్తయ్యగారే పాడారు.

మొన్న దసరాకి చెన్నై నుంచి మా చెల్లెలి కూతురు వచ్చింది. మాటల్లో ఈ సంగతి చెబితే, "పెద్దమ్మా, నీకు ఎం.బి.శ్రీనివాసన్ గారు దొరకాల్సింది" అంది.

ఆయన 1925లో మన చిత్తూరులోనే పుట్టారట. తమిళులు. చదువు మద్రాసులో. కుర్రతనంలోనే కమ్యూనిస్టు ఉద్యమంలోకి, ప్రజా నాట్య సంఘంలోకి వెళ్ళారు. ఢిల్లీలో ఎ.కె.గోపాలన్ గారి దగ్గర కార్యదర్శిగా ఉన్నారు. పెళ్ళాడింది ఎవర్ననుకున్నారు? జలియన్‌వాలాబాగ్ రోజుల్లో అరెస్టయిన సైఫుద్దీన్ కిచ్లూ గారి అమ్మాయి జహీదాని! తర్వాత మలయాళ సినిమాలకి సంగీతం ఇచ్చారు. ఏసుదాసు గారి మొదటి సినిమా పాట, 1961లో, ఈయన చేయించిందే.

అంత పేరున్నా ఆయన మనసంతా బృందగానం మీదే. మద్రాస్ యూత్ కోయిర్ పెట్టారు. బళ్ళలో పిల్లలందరూ కలిసి పాడాలని ఎన్‌సీఈఆర్‌టీతో పనిచేశారు. 1988 మార్చి 9న లక్షద్వీప్‌లో పోయారు.

మనం పది మందిమి పాడినా అందరిదీ ఒకటే వరస కదా. శ్రుతి ఎవరికి అందకపోతే వాళ్ళు అరవాలి, లేదా ఆగాలి. బృందగానంలో అలా కాదుట. సన్నగొంతులది పై వరస, బండగొంతులది కింది వరస. రెండూ ఒక్కసారే పలుకుతాయి, కానీ కొట్టుకోవు. ఊపిరి కూడా అందరూ ఒకేచోట తీసుకోరు. నేను ఆగినప్పుడు పక్కావిడ పాడుతుంది, ఆవిడ ఆగినప్పుడు నేను. అందుకే పాట తెగదు. ఎవరు ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు తగ్గాలో ఎదురుగా నిలబడ్డాయన చేత్తో చూపిస్తారు. వింటుంటే నాకు మా టీచరుగారు గుర్తొచ్చారు. నా గొంతుకి కింది వరస ఒకటుందని అప్పుడు ఆవిడకి మాత్రం ఎవరు చెప్పారు?

ఆ సాయంత్రం మా అరుగు మీద ఆరుగురం చేరాం. అమ్మాయి ఫోనులో తంబూరా పెట్టింది. నన్నూ పక్కింటి వదిననీ కింది "స" పట్టుకోమంది, మిగతా నలుగురినీ "ప". మొదటిసారి వదిన నవ్వాపుకోలేకపోయింది. రెండోసారి నేనే "ప" లోకి జారిపోయాను. మూడోసారి కాబోలు, రెండూ కలిసి అరుగంతా ఝుమ్మంది. లోపలినుంచి మావారు "ఏమిటే అది, రేడియోనా?" అని వచ్చారు. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి, అది వేరే సంగతి.

ఈ సోమవారం హారతి పళ్ళెం మా తోడికోడలి చేతికిచ్చాను.