గృహవిజ్ఞానము: కారులోని గాలిచక్రము



మిక్సీ తిరుగకున్నచో మూత తీసి చూచువారము, కుక్కరు కూయకున్నచో వెయిటు తీసి కడుగువారము మనమే. కాని వాకిట నిలిచిన కారు చెడినదనగానే, అది మగవారి పనియనియో మేస్త్రీ పనియనియో ఒక యడుగు వెనుకకు వేయుదుము. మొన్నటి వేసవివఱకు నేనును అట్లే యుంటిని. ఈ మాసము మా కారులోని గాలియంత్రమును గూర్చి వ్రాయుచున్నాను. ఇందు నేను సాధించినదానికంటె పొరపడినదియే మీకెక్కువ యుపయోగపడునని నా నమ్మకము.

బడంగ్‌పేటలో మా యింటిముందు వేపచెట్టు కలదు. మూడేండ్ల క్రిందట కొన్న పాతకారు దాని నీడనే నిలుచును. మా అత్తగారికి ఉబ్బసము. ఆమెను మాసమునకొకసారి ఎఱ్ఱగడ్డ ఛాతీ ఆస్పత్రికి తీసికొనిపోవలెను. ఎండకాలమున అద్దములు దించినచో లారీల దుమ్ము, ఎత్తినచో ఉక్క. కావున ఏ.సి. మాకు విలాసము కాదు. ఆమె యూపిరికి ఆధారము.

ఒకనాడు గాలిమీటను 1, 2, 3 అంకెలపై నుంచినను గాలి రాలేదు. 4 అంకెపై నుంచినపుడు మాత్రము హోరున వచ్చెను. ఒక మరమ్మతు దుకాణమున చూపితిమి. మోటారు పోయినదనియు, ముందరిభాగమంతయు విప్పవలెననియు, 11,000 రూపాయలగుననియు చెప్పిరి. బడిపంతులుగారి జీతమున అది చిన్న మొత్తము కాదు.

మా తండ్రిగారు చిన్ననాట నాకు తర్కసంగ్రహము చెప్పిరి. కారణమున్నచోట కార్యముండుట అన్వయము. కారణము లేనిచోట కార్యము లేకుండుట వ్యతిరేకము. మోటారే పోయినయెడల నాలుగవ యంకెపై మాత్రమెట్లు తిరుగుచున్నది? ఈ ప్రశ్న నన్ను నిదురపోనీయలేదు. కారుతోడి పుస్తకము చదివితిని, తెలిసినవారినడిగితిని. తెలిసినది చెప్పుచున్నాను.

చల్లగాలికిని వెచ్చగాలికిని ఊదెడి చక్రమొక్కటియే. దానిని బ్లోయరందురు. మన చిన్నకార్లలో చాలవఱకు అది డ్రైవరు ప్రక్కసీటు ముందున్న గ్లవ్‌బాక్సు వెనుకను, కాళ్లుంచు చోటికి పైనను ఉండును. ఉడుత పంజరమువంటి ప్లాస్టిక్ చక్రము, దానిని త్రిప్పు 12 వోల్టుల మోటారు, ఇంతియే దాని నిర్మాణము. అది ముందరి యద్దము క్రింది జాలీనుండి బయటిగాలినో, మీట మార్చినచో లోపలిగాలినో పీల్చి, చల్లని గొట్టముల యల్లికమీదుగా త్రోయును. వెచ్చదనము కావలసినపుడు ఇంజను వేడినీరు పాఱు మఱియొక యల్లికమీదుగా పోనిచ్చును.

మోటారు వేగమును తగ్గించుటకు రెసిస్టరను చిన్నవస్తువు కలదు. అది విద్యుత్తును కొంత అడ్డగించి, అడ్డగించినదానిని వేడిగా మార్చును. ఆ వేడి చల్లారుటకై దానిని గాలిదారిలోనే బిగింతురు. పూర్తివేగమునకు అడ్డు అక్కఱలేదు గనుక నాలుగవ యంకెకు విద్యుత్తు నేరుగా పోవును. రెసిస్టరు కాలినచో 1, 2, 3 మూగవోయి 4 మాత్రమే పలుకుట ఇందువలననే. వేడిని తామే సర్దుకొను ఖరీదైన కార్లలో దీనికి బదులు వేఱొక ఎలక్ట్రానిక్ భాగముండును గనుక ఈ గుర్తు వానికి చెల్లదు.

ఇట్లు తెలిసికొని, బ్యాటరీ తీగ విప్పి, గ్లవ్‌బాక్సు దించి, రెండు స్క్రూలు తీయగా రెసిస్టరు చేతికి వచ్చెను. దానిపై నల్లగా మాడిన మచ్చ యుండెను. విడిభాగముల అంగడిలో క్రొత్తది 450 రూపాయలకు దొరకెను. బిగించినంతనే నాలుగు వేగములును వచ్చినవి. 11,000 ఎక్కడ, 450 ఎక్కడ! ఇరుగుపొరుగువారికందఱికిని చెప్పుకొంటిని. గర్వము కలుగలేదనుట అబద్ధము.

22 దినములు గడచినవి. ఆస్పత్రికి పోవుచు ఆరాంఘర్ దాటునప్పటికి కారులో మాడువాసన వచ్చెను. బ్లోయరు ఆగిపోయెను, ఈమాఱు నాలుగవ యంకెపైకూడ తిరుగలేదు. ఆ వాసనకు అత్తగారికి దగ్గుతెర వచ్చి ఊపిరి చిక్కలేదు. మా వారు కారును ప్రక్కకు దింపి ఇంజను ఆపిరి. ఆమెను చెట్టునీడకు నడిపించి ఇన్‌హేలరు పీల్పించితిమి. పావుగంటకు తెప్పరిల్లి, "నీ తప్పేమున్నదే, యంత్రమన్నాక చెడదా!" అని నన్నే యోదార్చిరి. కాని తప్పు నాదే. రెసిస్టరు కాలినదని తెలిసికొంటిని. ఎందుకు కాలినదని యడుగలేదు. జ్వరమునకు తడిగుడ్డ వేసి రోగమును మఱచినట్లయ్యెను.

ఆ యాదివారము మోటారునే దించితిని. మూడు స్క్రూలు, ఒక తీగ. చక్రమునిండ వేపాకులు, ఎండిన వేపపూత, ఎఱ్ఱదుమ్ము! పిడికిళ్లకొలది వచ్చినవి. చేతితో త్రిప్పగా చక్రము ఒఱసికొనుచు బరువుగా తిరిగెను. బరువుగా తిరుగు మోటారు అధిక విద్యుత్తును లాగును. ఆ యధిక విద్యుత్తు రెసిస్టరును, తీగలు కలియు ప్లాస్టిక్ కనెక్టరును వేడెక్కించును. ఆకులలో కూరుకొన్న రెసిస్టరునకు చల్లార్చు గాలియును తగులదు. మొదట రెసిస్టరు కాలినది. నేను క్రొత్తది వేయగా అదియు కాలి, కనెక్టరుకూడ కరగినది. ప్రక్కనున్న ఎండుటాకులు అంటుకొనకపోవుట మా పూర్వపుణ్యము.

ఆకులెట్లు చొచ్చినవి? గాలిని వడగట్టు ఫిల్టరు మా కారున లేదు. అమర్చు చోటున్నది గాని, తక్కువ ధర రకము గనుక దానిని ప్లాస్టిక్ మూతతో మూసి యమ్మినారు. పిండికి జల్లెడ లేక రొట్టె చేసినట్లు మూడేండ్లు నడిపితిమి.

చక్రమును మెత్తని కుంచెతో తుడిచితిని. దాని యంచున చిన్న లోహపు బిళ్లలుండిన వానిని తీయరాదు. అవి చక్రము కంపింపకుండ తూకమునకై పెట్టినవి. మోటారుపై నీరుగాని నూనెగాని పోయరాదు. తుడిచినపిమ్మట చక్రము తేలికగా తిరిగెను. తుడిచినను తిరుగనిచో, అటునిటు ఊగినచో, మోటారును మార్చవలసినదే. కరగిన కనెక్టరును మాత్రము నేను ముట్టలేదు. తీగలు మెలిపెట్టి టేపు చుట్టుట నిప్పును దాచుటయే. కార్ల కరెంటు పనివానిని పిలిపింపగా 600 రూపాయలకు క్రొత్త కనెక్టరు వేసెను. రెసిస్టరునకు మఱల 450, ఫిల్టరునకు 350 అయ్యెను. నాటినుండి అది చెడలేదు.

ఇక మీరు గుర్తుంచుకొనదగిన లక్షణములు:

1. అన్ని వేగములును ఒక్కసారి ఆగినచో మొదట ఫ్యూజు చూడవలెను. కాలినచో అంతే ఆంపియర్లది వేయవలెను. పెద్దది వేయుటగాని తీగముక్క చుట్టుటగాని కారునకు చితి పేర్చుటయే.

2. హోరు వినబడుచు గాలి తక్కువగా వచ్చినచో ఫిల్టరు మూసికొనియుండును.

3. టకటక శబ్దము వచ్చినచో చక్రమున ఆకు చిక్కియుండును. మోటారుపై మెల్లగా తట్టినపుడు తిరిగినచో దానిలోని బొగ్గుముక్కలు అరిగినవన్నమాట.

4. ముక్కవాసన వచ్చినచో, కాళ్లక్రింద తడి కనబడినచో, నీరు జాఱు గొట్టము పూడియుండును.

5. గాలి బాగుగా వచ్చుచు చల్లదనము లేకున్న అది బ్లోయరు దోషము కాదు.

ఈ యైదవదానియందు మన చేయి పనికిరాదు. చల్లబఱచు వాయువు ఒత్తిడితో గొట్టములలో బంధింపబడియుండును; విప్పినచో కంటిని, చర్మమును గడ్డకట్టించును. కొన్నేండ్లుగా కార్లలో వాడుచున్న ఆర్-134ఎ అను వాయువు భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు వాయువుకంటె వేయి రెట్లకు పైబడినది. దానికి తగిన పరికరములున్నచోటికే పోవలెను. ఇంజను వేడిగానున్నపుడు రేడియేటరు మూత తీయరాదు. గ్లవ్‌బాక్సు పైన ఎయిర్‌బ్యాగు ఉండును గనుక, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి పదినిమిషములాగి పని మొదలిడవలెను. పసుపుపచ్చని తీగలను ముట్టరాదు. గాలి యెంత చల్లనిదైనను ఆపిన కారులో పిల్లలనుగాని వృద్ధులనుగాని విడిచిపోరాదు. మూసిన షెడ్డులో ఇంజను నడిపించుచు కూర్చుండరాదు. దానినుండి వెలువడు విషవాయువునకు వాసన లేదు.

పాతకారు కొనువారికొక మాట. 2020 అక్టోబరులో హైదరాబాదున కురిసిన కుంభవృష్టికి మా ప్రక్క బాలాపూరు గుఱ్ఱం చెరువు కట్ట తెగి దిగువ బస్తీలు మునిగినవి. అట్టి వఱదలలో నీరు కారులో చొచ్చినచో కాళ్లచోటికి దగ్గఱగానుండు బ్లోయరునకు త్వరగా తగులును. పైన మెఱుగు పెట్టవచ్చును గాని గ్లవ్‌బాక్సు వెనుకనున్న యొండ్రును ఎవరును తుడువరు. కొనుటకుముందు అచ్చట చేయి పెట్టి చూడుడు.

మన ప్రాంతమున వెచ్చగాలి యెందుకని యడుగవచ్చును. పుష్యమాసపు ఉదయములందు అద్దముపై పట్టిన మంచును తుడుచునది ఆ బ్లోయరే. ఎండలో ఇంజను వేడి మితిమీఱినపుడు, ఏ.సి. ఆపి వెచ్చగాలిని పూర్తిగా తెఱచినచో ఇంజను వేడి కొంత వెలికి వచ్చును. మనకు చెమట పట్టినను, బండి ఆపుకొనుచోటు చేరువఱకు ఇంజను దక్కును.

ఇవి ఆడువారి పనులు కావనువారికి రెండు పేర్లు చెప్పుడు. బండిలోపలిని వెచ్చబఱచు సాధనమునకు అమెరికాలో 1893లో పేటెంటు పొందినది మార్గరెట్ విల్కాక్స్ అను స్త్రీ. అద్దముపై వాన తుడుచు వైపరునకు 1903లో పేటెంటు పొందినది మేరీ ఆండర్సన్, ఆమెయు స్త్రీయే.

వారమునకొకసారి వాకిలి ఊడ్చినపుడే కారు ముందరి యద్దము క్రిందనున్న జాలీపై ఆకులనుకూడ ఏఱివేయుడు. ఆఱుమాసములకొకసారి ఫిల్టరు తీసి చూడుడు. ఏదేని కాలినపుడు దానిని మార్చుటతో తృప్తిపడక, ఎందుకు కాలినదని మఱియొకసారి యడుగుడు. ఆ రెండవ ప్రశ్న అడుగకపోవుటచే మా అత్తగారి యూపిరితో నేను చెల్లించిన మూల్యము మీరు చెల్లింపవలసిన పని లేదు.

మీ సోదరి,
బడంగ్‌పేట.