ధాన్యం నిండిన నేలలో ఆహార హక్కు

ఉక్రెయిన్‌పై రష్యా యుద్ధానికి దిగిన మరుసటి నెలలో, అంటే 2022 మార్చిలో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రతి నెలా ప్రకటించే ఆహార ధరల సూచీ అంతకుముందెన్నడూ లేనంత ఎత్తుకు చేరింది. నల్లసముద్రపు రేవుల నుంచి గోధుమ, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు నూనె కదలక దిగుమతులపై బతికే దేశాలు విలవిలలాడాయి. సరిగ్గా ఆ నెలల్లోనే తెలంగాణలో యాసంగి వడ్లను కొనేదెవరన్న వివాదం ముదిరి, ఏప్రిల్ 11న రాష్ట్ర ముఖ్యమంత్రి ఢిల్లీలో ధర్నాకు కూర్చున్నారు. ఎండలు ముదిరాక కోతకొచ్చే యాసంగి వడ్లను నేరుగా మర పట్టిస్తే నూకలు ఎక్కువగా వస్తాయి కనుక మిల్లర్లు వాటిని ఉడకబెట్టి, ఆరబెట్టి ఉప్పుడు బియ్యంగా మారుస్తారు. ఆ ఉప్పుడు బియ్యాన్ని ఇక తీసుకోబోమని కేంద్రం తేల్చిచెప్పడంతో పంట కల్లాల్లోనే ఆగిపోయే పరిస్థితి వచ్చింది. మెండోర మండలంలోని పోచంపాడు వద్ద గోదావరిపై కట్టిన శ్రీరాంసాగర్, మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్లతో వరి పండించే నిజామాబాద్ జిల్లా రైతు ఈ వివాదం మధ్యలో నిలబడ్డాడు. లోకమంతా గింజ కోసం వెతుక్కుంటున్న కాలంలో ఇక్కడ గింజను కొనేవారే కరువయ్యారన్న ఈ వాస్తవం నుంచే ఆహార హక్కుపై చర్చ మొదలుకావాలి.

1948 నాటి సార్వత్రిక మానవ హక్కుల ప్రకటనలోని 25వ అధికరణం, 1966 నాటి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికలోని 11వ అధికరణం ఆహారాన్ని మనిషి హక్కుగా గుర్తించాయి; ఆ ఒడంబడికలో భారతదేశం 1979లో చేరింది. దాని అమలును చూసే ఐరాస కమిటీ 1999లో ఇచ్చిన వివరణ ప్రకారం, ప్రతి మనిషికీ అన్ని వేళలా తగినంత ఆహారం గానీ, దాన్ని సంపాదించుకునే మార్గం గానీ అందుబాటులో ఉన్నప్పుడే ఆ హక్కు నెరవేరినట్లు. ప్రభుత్వం మనిషి తిండి దారికి తాను అడ్డు రాకూడదు, ఇతరులను అడ్డు రానివ్వకూడదు, దారి లేనివారికి తానే దారి చూపాలి. 'అన్ని వేళలా' అన్న ఆ మాట సంక్షోభ కాలాన్ని కూడా కలుపుకొని రాసిందే. 1943 బెంగాల్ కరువును పరిశీలించిన అమర్త్యసేన్ 1981లో వెలువడిన తన గ్రంథంలో, ఆకలి చావులకు తిండి లేకపోవడం కంటే తిండిని దక్కించుకునే అర్హత మనుషుల చేతుల్లోంచి జారిపోవడమే అసలు కారణమని వాదించాడు.

నిజామాబాద్ ప్రాంతపు బతుకుతెరువులను చూస్తే ఆ వాదనలోని సత్యం అర్థమవుతుంది. ఆర్మూరు, బాల్కొండ, మెండోర వైపు పొలాల్లో పండేది వరి ఒక్కటే కాదు. పసుపు ఉంది, విత్తన కంపెనీల కోసం వేసే ఎర్రజొన్న ఉంది. ఈ ఎర్రజొన్న ఇంట్లో రొట్టెకు పనికొచ్చే పంట కాదు, ఉత్తరాది రాష్ట్రాల్లో పశుగ్రాసం పెంచడానికి విత్తనంగా తరలిపోతుంది. బోధన్‌లో 1930లలో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారం 2015 చివర మూతపడినప్పుడు కార్మికుడు జీతాన్నీ, చెరకు రైతు చేతికందే దూరంలోని మార్కెట్‌నూ ఒకేసారి పోగొట్టుకున్నారు. ఊరూరా ఆడవాళ్లు చేటలో తునికాకు పరచుకుని బీడీలు చుడతారు, మగవాళ్లు గల్ఫ్‌కు పోతారు. ఇలా పసుపు ధర మీద, వెయ్యి బీడీల కూలి మీద, దుబాయి నుంచి వచ్చే పైసల మీద నడిచే కుటుంబానికి తిండి అనేది పొలం నుంచి కాక బజారు నుంచి, రేషన్ దుకాణం నుంచి వస్తుంది కనుక, పక్క చేనులో వరి ఎంత విరగపండినా ఆ ఇంటి హక్కు దానంతటదే భద్రం కాదు.

2022లో ప్రపంచ సంక్షోభం ఈ ఇళ్లలోకి బియ్యం రూపంలో రాలేదు. కార్డు ఉన్న ఇంటికి బియ్యం అందుతూనే ఉన్నాయి. సంక్షోభం వచ్చింది నూనె ప్యాకెట్ రూపంలో. దేశానికి కావలసిన వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే రావాలి. పొద్దుతిరుగుడు నూనె ప్రధానంగా ఉక్రెయిన్, రష్యాల నుంచి వచ్చేది. ఏప్రిల్ చివరలో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులను కూడా కొన్ని వారాలపాటు ఆపేసింది. కూలి పెరగని ఇంట్లో నూనె ధర పెరిగితే ముందుగా తగ్గేవి పప్పు, గుడ్డు, కూరగాయలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్లు తేలిందంటే, బియ్యం ఒక్కటే ఆహార హక్కును పూర్తిగా మోయలేదని దాని అర్థం. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైన అమ్మహస్తం పథకం కింద 185 రూపాయలకు కందిపప్పు, పామాయిల్ సహా తొమ్మిది సరుకులు ఇచ్చేవారు. ఆ సంచి మళ్లీ రేషన్ దుకాణానికి రావాలి.

బియ్యం విషయంలో తెలుగు నేల సాధించినది తక్కువేమీ కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం, 2001లో పౌరహక్కుల ప్రజాసంఘం వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు వరుసగా ఇచ్చిన ఆదేశాలు, వాటి తర్వాత 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చాయి. చట్టం మనిషికి నెలకు ఐదు కిలోలు ఇస్తే తెలంగాణ ఆరు కిలోలు ఇస్తోంది, 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే ఇస్తోంది. దొడ్డు బియ్యాన్ని దళారికి అమ్ముకునే దుస్థితి నుంచి ఇంట్లో వండుకు తినే స్థితికి కుటుంబాలను తెచ్చిన ఈ నిర్ణయం మెచ్చదగినది.

అయితే చట్టంలో చాలామంది గమనించని ఒక సెక్షన్ ఉంది. అర్హుడికి ఆహారం అందకపోతే ప్రభుత్వానిదే బాధ్యత అని చెప్పే 44వ సెక్షన్, యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం వల్ల సరఫరా దెబ్బతిన్న సందర్భాలను ఆ బాధ్యత నుంచి మినహాయించింది. సరఫరా ఆగితే నగదు రూపంలో ఆహార భద్రతా భృతి ఇవ్వాలని 8వ సెక్షన్ ఒక చేత్తో ఇచ్చిన దాన్ని ఈ మినహాయింపు మరో చేత్తో వెనక్కి తీసుకునే వీలు కల్పిస్తుంది. అటువంటి పరిస్థితి వచ్చిందో లేదో ప్రణాళికా సంఘాన్ని సంప్రదించి కేంద్రమే ప్రకటించవచ్చునని కూడా అందులో ఉంది. ఆ సంఘమే 2015 నుంచి లేదు. మామూలు రోజుల్లో బజారులో ఎలాగోలా కొనుక్కోగలిగిన మనిషికి చట్టం అక్కరకు రావలసింది సరిగ్గా కరువులోనే, యుద్ధంలోనే. గోదావరి పొంగినప్పుడు, శ్రీరాంసాగర్ అడుగంటినప్పుడు సడలిపోయే హామీని హక్కు అనడం కష్టం.

రెండో లోపం జాబితాలో ఉంది. చట్టం కింద ఎంతమందికి బియ్యం ఇవ్వాలన్నది ఇప్పటికీ 2011 జనగణన లెక్కపైనే ఆధారపడింది, ఎందుకంటే 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది. తెలంగాణలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులను కంప్యూటర్ లెక్కల ఆధారంగా తొలగించిన తీరుపై దాఖలైన కేసులో, ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ-కేవైసీ పేరుతో ప్రతి మనిషి వేలిముద్ర అడిగినప్పుడు గల్ఫ్‌లో ఉన్న కొడుకు పేరు, తునికాకుతో అరిగిన తల్లి వేలు రెండూ ప్రమాదంలో పడతాయి. ఒక కార్డును తీసేసే ముందు ఆ ఇంటి గడప తొక్కి విచారించడం కనీస న్యాయం.

మరో ప్రశ్న ఈ హక్కు ఖర్చు ఎవరు మోయాలన్నది. 2022 మే 13న గోధుమ ఎగుమతులను, సెప్టెంబరులో నూకల ఎగుమతులను, 2023 జూలై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతులను కేంద్రం నిషేధించింది. తెల్లబియ్యంపై నిషేధం 2024 సెప్టెంబరు దాకా సాగింది. దేశంలో ధరలు అదుపులో ఉంచడం ప్రభుత్వ విధి కాదనలేం. కానీ ధర పెరిగే అవకాశం మూసుకుపోయినప్పుడు నష్టం రైతు ఖాతాలో పడుతుంది, కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందని, తాలు ఉందని బస్తాకు కోసే తరుగు దానికి తోడవుతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నిజాం ప్రభుత్వం పట్టణాల తిండి కోసం లెవీ ధాన్యం వసూలు చేసినప్పుడు భారం చిన్న రైతు మీదే పడింది, దేశ్‌ముఖ్‌లు తప్పించుకున్నారు. తెలంగాణ గ్రామాల్లో తిరుగుబాటుకు అది ఒక కారణమైంది. తినేవాడి హక్కును పండించేవాడి జేబు నుంచి కాపాడే పద్ధతి ఆనాడు న్యాయం కాలేదు, ఈనాడూ కాదు. నిషేధం విధించిన ఏడాది ధరలో కోల్పోయిన మేరకు రైతుకు ఖజానా నుంచే చెల్లించాలి.

ప్రపంచ బియ్యం వ్యాపారంలో దాదాపు 40 శాతం భారతదేశానిది కనుక ఢిల్లీలో తీసుకునే నిర్ణయం సెనెగల్ వంటగది దాకా పోతుంది. ఆ దేశంలో నిత్యం వండుకునేది నూకల అన్నమే. తెలంగాణలో యాసంగి వడ్లకు శాపమైన నూకలు అక్కడ లక్షలాది మందికి కడుపు నింపే తిండి. 2022 ఏప్రిల్‌లో నూకలు ఎక్కువగా వచ్చే యాసంగి వడ్లను కొనేందుకు వెనకాడిన దేశమే సెప్టెంబరులో నూకల ఎగుమతిని ఆపేయడం ముందుచూపు లేని నిర్వహణకు నిదర్శనం. 2023 నిషేధంలో, ఆహార భద్రత కోసం వేరే ప్రభుత్వం అడిగితే అనుమతించే వెసులుబాటు ఉంచడం మంచిదే గానీ, అది దయాదాక్షిణ్యంగా కాక ముందే ఒప్పుకున్న పరిమాణంగా ఉండాలి. ఆ నిషేధం వార్త తెలియగానే అమెరికాలోని తెలుగువారు సోనా మసూరి బస్తాల కోసం దుకాణాల ముందు బారులు తీరారు. కొనగలిగిన వారికే అంత ఆందోళన కలిగితే కొనలేని దేశాల సంగతి ఊహించుకోవచ్చు.

44వ సెక్షన్‌లోని మినహాయింపును తొలగించే సవరణ ప్రవేశపెట్టమని నిజామాబాద్ ప్రాంత ప్రజాప్రతినిధులను ఇక్కడి రైతు సంఘాలు, బీడీ కార్మిక సంఘాలు కలిసి అడగాలి. తదుపరి యుద్ధమో కరువో వచ్చాక అడిగితే, ఆ మినహాయింపు అప్పటికే అమల్లోకి వచ్చి ఉంటుంది.