ద్వారపాలకుని ఋణము

2021వ సంవత్సరము ఏప్రిల్ 2వ తేదీన అమెరికా రాజధానియగు వాషింగ్టను నగరములో, కాపిటోలు అను శాసనసభాభవనము ఉత్తరపు ద్వారముకడ, ఒక మోటారుకారు వేగముగా వచ్చి కావలియున్న పోలీసు లిరువురిని ఢీకొని అడ్డుకట్టను తాకి నిలిచెను. దానిని నడపిన యువకుడు కత్తి చేతబూని దిగి, పోలీసుల తుపాకిదెబ్బకు కూలెను. కావలివారిలో విలియం ఎవాన్సు మరణించెను. అతనికి 41 ఏండ్లు. ఆ కొలువున 18 ఏండ్లు గడపినవాడు. ఇరువురు బిడ్డల తండ్రి. ఆనాడు సభలకు సెలవు. సభ్యులు లేని సభకు కావలి గాచుచు నతడు ప్రాణము విడిచెను.

ఏప్రిల్ 13న అతని భౌతికకాయమును ఆ భవనపు గుమ్మటము క్రింద నుంచగా, దేశాధ్యక్షుడు స్వయముగా వచ్చి గౌరవించెను. ఇది తగిన పనియే. కాని మేము అడుగునది వేరు. చచ్చిన కావలివానికి చేయు మర్యాదలో బ్రతికినవానికి ఎన్నవ పాలు చేయుచున్నాము?

“జీతము పుచ్చుకొన్నవాడు ప్రాణమిచ్చుటలో వింతయేమి?” అని కొంద రందురు. ఈ మాట మాకు రోత పుట్టించుచున్నది. జీతము శ్రమకు వెల. ప్రాణమునకు వెల గాదు. ప్రాణము నొడ్డినవానికి మనము చెల్లింపవలసినది కృతజ్ఞత. అది ఏ జమాఖర్చులోను చేరదు.

అదే యేడు జనవరి 6న అల్లరిమూక ఆ భవనముపై బడినపుడు సుమారు 140 మంది పోలీసులు గాయపడిరి. వారికి స్వర్ణపతక మొసగు బిల్లు జూన్ నెలలో ప్రతినిధిసభ ముందుకు రాగా 406 మంది ఔననిరి. 21 మంది కాదనిరి. బిల్లులోని మాటలు సరిపడలేదని కొందరు సాకు చెప్పిరి. మాటలు నచ్చకున్న మాటలనే దిద్దరాదా? తమ వాకిలి గాచినవారికి చేయి యెత్తుటకు వెనుదీయవలెనా? మరుసటి యేడు మార్చిలో, ఆ పోలీసుల స్మారకఫలకమును ఏడాదిలోగా నిలుపవలెనని చట్టము చేసిరి. ఆ గడువులోగా ఫలకము గోడ కెక్కలేదు. తాము చేసిన చట్టమును తామే పాటింపని సభ యితరుల కేమి బోధింపగలదు?

పరదేశమును నిందించి మనము తప్పుకొనరాదు. 2001 డిసెంబరు 13న దొంగ అనుమతిచీటీ అంటించిన కారులో హంతకులు మన పార్లమెంటు ఆవరణము జొచ్చిరి. ఆయుధము లేని కానిస్టేబులు కమలేశ్ కుమారి కేకవేసి తోడివారిని హెచ్చరించి గుండ్లకు బలియయ్యెను. మరణానంతరము ఆమెకు అశోకచక్ర మొసగిరి. ఆనాడు చచ్చినవారిలో తోటమాలియు నొకడు. ఏటేట ఆ దినమున పూలుంచుచున్నాము, తక్కిన దినములలోనో?

మన వాకిటనే చూతము. రాత్రియెల్ల మేల్కొను కావలివాని పేరు మన బిడ్డలకు తెలియునా? అతనికి ఎండవేళ నీడ, వానవేళ కప్పు, కూర్చుండ నొక పీట గలవా? ఏరా యని పిలుచుట మానితిమా? వేళకు మారుమనిషిని పంపుట, గాయపడిన వైద్యము చేయించుట, చచ్చిన భార్యాబిడ్డలను తిప్పలేక పోషించుట, ఇవి దానములు గావు, ఋణములు.

సోదరీసోదరులారా! శవమునకు వంగిన తల బ్రతికినవానియెదుట బిగుసుకొనిన, ఆ వంగుట నటనయే. ఈ ఋణవిమోచనము సభాభవనములలో ఎప్పుడు జరుగునో మా చేతిలో లేదు. మన గుమ్మములలో నేడే జరుగవచ్చును.